కిటికీ దాకా ర్యాంపు

ఆ రోజుల్లో, ఆఫీసన్నాక మనుషులు తలుపులోంచి వస్తారనీ కిటికీలోంచి గాలి వస్తుందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఒక డిసెంబరు ఉదయం షామియానా కింద అందరూ చూస్తుండగా పోయింది. అప్పుడే రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. మా లెక్కల అక్క, ఎవరి చెయ్యీ పడకుండా, కొత్త ర్యాంపు మీద తన చక్రాల కుర్చీని తనే తోసుకుంటూ పైదాకా వెళ్ళింది. చప్పట్లు మోగాయి. ఆమె ఆగిన చోట తలుపు లేదు, కిటికీ ఉంది. అక్క చెయ్యి చాచి అద్దం మీద టకటకా కొట్టింది. లోపలినుంచి రెక్క తెరుచుకుంది. "ఇగో, ఆ నిన్నటి ఫైలు ఇటియ్యి తమ్మీ. ఈడ్నే కూసుండి చేస్త" అంది అక్క. చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. ఆ సభకు కార్యదర్శిని నేను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అంతకుముందు నేను చండ్రుగొండ మండలంలో ఒక దినపత్రికకు విలేకరిని. జీతం ఉండదు గానీ గౌరవం ఉంటుంది (గౌరవం కూడా వార్త పడిన రోజే). చిన్నప్పటి పోలియో వల్ల ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తాను కాబట్టి, నేను సంఘటనా స్థలానికి చేరేసరికి సంఘటన అయిపోయి ఉండేది. ఇలా లాభం లేదని మా నాన్న తెలిసినవాళ్ళను పట్టుకుని, సత్తుపల్లి వైపు ఉన్న ఒక ప్రైవేటు పామాయిల్ ఫ్యాక్టరీ ఆఫీసులో నన్ను చేర్పించాడు. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్లలో తెచ్చే గెలలు కాటా మీద తూగడం, బాయిలర్‌లో ఉడకడం, నూనె ట్యాంకర్లెక్కడం, ఆ వాసన మా అందరి చొక్కాలకూ పట్టి ఆదివారం కూడా వదలకపోవడం, ఇదీ అక్కడి జీవితం.

ఒకరోజు మా నూనె కొనే పెద్ద కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసి, మీ దగ్గర దివ్యాంగ ఉద్యోగుల బృందం ఉందా, అవగాహన కార్యక్రమాలు జరుపుతారా అని అడిగారట. మా ఎండీ గారు ఏ ప్రశ్నకూ లేదని చెప్పి ఎరుగరు. "ఎందుకు లేదండీ, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. ఫోన్ పెట్టేసి నన్ను పిలిపించారు. "చూడబ్బాయ్, నువ్వు పేపర్లో చేసినోడివి. మీటింగులంటే తెలుసు. కాలు కూడా..." అని మొహమాటంతో ఆగి, "సాయంత్రానికల్లా బృందం ఉండాలి" అన్నారు. సాయంత్రానికి ఉంది. నేను, లెక్కల అక్క, బాయిలర్ దగ్గర పనిచేసే సైగల బాబాయ్ (పుట్టుకతో వినపడదు, మాట రాదు, అయినా ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పేది ఆయనే), ఇంకా ముగ్గురు నలుగురు. ఇంగ్లీషులో దానికి పొడుగాటి పేరు పెట్టాం. హమాలీలు మాత్రం మొదటి రోజునుంచే కుంటోళ్ళ సంఘం అన్నారు. నాకు రోషం వచ్చింది. అక్కకు రాలేదు. "వాళ్ళకంటే ముందు మనమే గట్ల పిలుసుకుందాం తమ్మీ. ఇగ వాళ్ళకు అనెతందుకు ఏముంటది?" అంది. ఆమె మాటే నిజమైంది, వారంలో వాళ్ళకు విసుగొచ్చి మానేశారు.

లెక్కల అక్కది మణుగూరు. బొగ్గు బావిలో పనిచేసేవాళ్ళ ఇంటి పిల్ల. చిన్నతనంలో చింతచెట్టు మీంచి పడి నడుము కింద చచ్చుబడింది. పట్టుదలగా చదివి, మా అకౌంట్స్ సెక్షన్‌లో ఏ రైతు లెక్క ఎక్కడ తేడా వచ్చినా కాగితం చూడకుండా చెప్పే స్థితికి వచ్చింది. ఆమెకు ఆ పనంటే ప్రాణం. చిక్కల్లా ఆఫీసు మెట్లతోనే. మూడు చక్రాల స్కూటీ మీద గేటు దాకా తనే వచ్చేది. అక్కణ్ణుంచి ఇద్దరు హమాలీలు కుర్చీతో సహా ఎత్తి లోపల దించాలి, సాయంత్రం మళ్ళీ బయట దించాలి. "గెలల లోడు దింపినంక వస్తం ఆగక్కా" అని వాళ్ళంటే, ఎండలో కూర్చుని ఆగాలి. వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఒకరోజు వానకు తడిసిన మెట్టు మీద ఒకతను జారాడు. అక్క పడలేదు, కుర్చీ చక్రం వంగింది. ఎండీ గారు మాత్రం మనసులో పడిపోయారు. "రేపు ఏమన్నా అయితే కేసు నా మీదకి. ఆమెను కాటా గదిలో కూర్చోబెడదాం. నేలమట్టంగా ఉంటుంది, సుఖంగా చీటీలు రాసుకుంటుంది" అన్నారు. అకౌంట్స్‌లో ఆ కుర్చీ ఖాళీ అయితే కూర్చోడానికి ఆయన మేనల్లుడు అప్పటికే పౌడరు రాసుకుని వస్తున్నాడు.

"సుఖంగనంట!" అంది అక్క ఆ మధ్యాహ్నం. "ట్రాక్టర్ల దుమ్ముల చీటీలు చింపుకుంట కూసునుడు సుఖమా? ఒక్కసారి కాటా గదిల కూసున్ననంటే మళ్ళ లోపటికి రానియ్యరు తమ్మీ. ఈడ తాత్కాలికం అన్నది ఏదన్న పోయిందా ఎన్నడన్న?" (నిజమే. వానాకాలానికని తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డులోనే మా క్యాంటీన్ నడుస్తోంది.) "సంఘం పెట్టినవు గద, ఏదన్న చెయ్యి."

నేను చేసింది ఏమిటంటే, మేడమ్ వచ్చే రోజున అవగాహన సభ పెట్టి, ఆ సభలో ర్యాంపు ప్రారంభోత్సవం పెట్టించడం. ప్రారంభోత్సవం అనేసరికి ఎండీ గారి ముఖం వికసించింది. వెంటనే వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. అక్కడే కథ మలుపు తిరిగింది. మా ఆఫీసు సింహద్వారం దక్షిణానికి. మెట్లు దక్షిణానికి దిగినా ఫరవాలేదట, ఏటవాలు మాత్రం దిగకూడదట. "దక్షిణం పల్లమైతే లక్ష్మి నిలవదు బాబూ. జారిపోతుంది" అన్నారు సిద్ధాంతి గారు. లక్ష్మి జారని దిక్కు తూర్పు. తూర్పున తలుపు లేదు, అకౌంట్స్ సెక్షన్ కిటికీ ఉంది. "కిటికీ తీసేసి దర్వాజా నిలబెడదాం" అని అక్కడికక్కడే తేలిపోయింది. మేస్త్రి సిమెంటు, ఇసుక దింపించి చక్కటి ర్యాంపు కట్టసాగాడు. సగం పూర్తయ్యాక సిద్ధాంతి గారు పంచాంగం తిప్పి, "మూఢం నడుస్తోంది. ఇప్పుడు దర్వాజా నిలబెట్టడం కుదరదు. మూఢం వెళ్ళాక మంచి ముహూర్తం చూద్దాం" అన్నారు. ఎండీ గారు ఏమాత్రం కంగారు పడలేదు. "దానిదేముంది? ర్యాంపు ప్రారంభించేద్దాం. దర్వాజా వచ్చేదాకా అమ్మాయి కాటా గదిలో ఉంటుంది. తాత్కాలికంగా" అన్నారు. ఆ చివరి మాట వినగానే నాకు మా క్యాంటీన్ రేకులు గుర్తొచ్చాయి.

సభ రోజు పొద్దున్న నా ఏర్పాట్లు చూసి నాకే ముచ్చటేసింది. ముందు కళ్ళకు గంతల నడక. స్టాఫంతా కండువాలు కట్టుకుని ఫ్యాక్టరీ ఆవరణలో నడవాలి, చూపు లేనివారి కష్టం తెలియాలి. కొనుగోళ్ళ ఆఫీసరు గారికి బాగా తెలిసింది, ఆయన తిన్నగా వెళ్ళి ముళ్ళున్న గెలల కుప్ప మీద కూర్చున్నారు. "గంతలు కట్టుడు ఆటనే తమ్మీ. ఆట అయినంక ఇప్పుతరు" అని అక్క నెమ్మదిగా అంది. అందులో విమర్శ ఉందని నాకు తట్టడానికి కొన్నేళ్ళు పట్టింది. తర్వాత సైగల బాబాయ్ అందరికీ సైగల భాష నేర్పాడు. టీ, నీళ్ళు, ప్రమాదం, ఇవన్నీ శ్రద్ధగా నేర్చుకున్నారు. ఎండీ గారిని సైగతో ఎలా చూపాలని ఎవరో అడిగితే, బాబాయ్ పొట్ట ముందు గాలిలో ఒక పెద్ద కుండను నిమిరాడు. జనమంతా ఒక్కసారిగా కుండలు నిమరసాగారు. ముందు వరుసలో ఉన్న ఎండీ గారు అది నమస్కారమనుకుని తానూ నిమిరారు.

అప్పుడు ర్యాంపు. ఆ తర్వాతే కిటికీ. రెక్క తీసింది ఎవరనుకున్నారు? పౌడరు మేనల్లుడు. అప్పటికే అక్క కుర్చీ స్థానంలో తన కుర్చీ వేసుకుని ఉన్నాడు పాపం. అక్క అడిగిన ఫైలు బిత్తరపోతూ అందించాడు. అక్క దాన్ని కిటికీ అరుగు మీద పరిచి, పెన్ను తీసి, ఎండలో లెక్క చూడడం మొదలుపెట్టింది. హైదరాబాద్ మేడమ్ ర్యాంపునీ కిటికీనీ మార్చి మార్చి చూసి, తలుపెక్కడ అని ఇంగ్లీషులో అడిగారు. ఎండీ గారు నా మోచేయి పట్టుకున్నారు. "మూఢమని చెప్పబ్బాయ్, గురుడు సూర్యుడి చాటుకి పోయాడని ఇంగ్లీషులో చెప్పు." నాకున్న ఇంగ్లీషులో, బృహస్పతి సెలవులో ఉన్నాడని చెప్పాను. మేడమ్ దాన్ని రాసుకున్నారు (మా హెచ్.ఆర్. ఆఫీసరు పేరు బృహస్పతి అనుకున్నారని తర్వాత తెలిసింది).

అక్క ఇప్పుడు దిగి వెళ్తే కాటా గదికే వెళ్తుంది, ఇక తిరిగి రాదు. దిగకపోతే ఉద్యోగమే పోవచ్చు. ఎండీ గారి మెడ ఎర్రబడుతోంది. సరిగ్గా అప్పుడు షామియానా కింద సోఫాలోంచి ఎండీ గారి తల్లి లేచారు. అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులు. పెద్దాయన పోయినప్పటినుంచి ఆ మెట్లెక్కలేక ఆఫీసులోపల అడుగుపెట్టలేదు. ఆమె చేతికర్ర పక్కన పెట్టి, ర్యాంపు పక్క పిట్టగోడ పట్టుకుని మెల్లగా పైకి వచ్చి, అక్క కుర్చీ వెనక పిడి పట్టుకుని నిలబడి కిటికీలోంచి లోపలికి తొంగి చూశారు.

"ఏరా అబ్బాయ్, మీ నాన్న ఫోటోకి దండ ఎండిపోయి వేలాడతా ఉంది. మార్చేవాళ్ళే లేరా ఇంతమందిలో?"

ఎండీ గారు ర్యాంపు కిందికి పరుగెత్తుకొచ్చారు. "మారుస్తానమ్మా. నువ్వు దిగు, పడతావు."

"ఈ పిల్ల పడిందా? నేనెందుకు పడతాను? ఎక్కడం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో కట్టించేదాన్ని." తర్వాత సిద్ధాంతి గారివైపు తిరిగారు. "ఏవయ్యా, మూఢంలో దర్వాజా నిలబెట్టకూడదు. ఒప్పుకున్నాం. ఉన్న కిటికీ పీకేయకూడదని కూడా ఉందా శాస్త్రంలో?"

సిద్ధాంతి గారు దగ్గారు. "పీకడానికి ముహూర్తంతో పనిలేదమ్మా."

"కింద గోడ కొడితే?"

"అదీ పీకడం కిందికే వస్తుంది."

"మరింకేం? కొట్టేసి వదిలెయ్. అది ద్వారమే కాదు."

సిద్ధాంతి గారు పంచాంగం మూశారు. "గడప లేనిదాన్ని ద్వారమనరు లెండి" అన్నారు చివరికి. "గడప మాత్రం పెట్టకూడదు."

అక్క ఫైలు మీంచి తలెత్తింది. "పెట్టకుండ్రి పంతులుగారూ, మీకు దండం పెడ్త. గడప లేకుంటెనే నా కుర్చీ పోయేది."

మొదట నవ్వింది పెద్దమ్మగారే. తర్వాత షామియానా మొత్తం. చివరికి ఎండీ గారు కూడా నవ్వి, "మేస్త్రీ, గడ్డపార ఉందా?" అన్నారు. నేను బాగున్న కాలు కూడా ఈడ్చుకుంటూ వెళ్ళి క్యాంటీన్ బల్ల మీద కూలబడ్డాను. ఆ రోజు తాగిన టీ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

మరునాటికి గోడ లేదు. అక్క స్కూటీ దిగి కుర్చీలోకి మారి, ర్యాంపెక్కి, ఎవరినీ పిలవకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళింది. అలవాటుకొద్దీ వచ్చిన హమాలీలిద్దరూ ఏం చెయ్యాలో తోచక ఖాళీ చేతులతో కాసేపు వెనకాలే నడిచారు. తలుపు లేదు కాబట్టి కుక్కలు కూడా అకౌంట్స్ సెక్షన్‌కు రావడం మొదలుపెట్టాయి. దానికి సిద్ధాంతి గారే, షట్టరు ద్వారం కిందికి రాదని ఉపాయం చెప్పారు. మేనల్లుడు కాటా గదికి వెళ్ళాడు. అక్కడ అతను నిజంగానే సుఖంగా ఉన్నాడు, వచ్చే పోయే ట్రాక్టర్ల వాళ్ళతో సినిమా కబుర్లు చెప్పుకుంటూ.

నేను మాత్రం ఆ వారమే మేడమ్‌కు ఒక నివేదిక రాశాను. విలేకరి బుద్ధి ఎక్కడికి పోతుంది? చివరి వాక్యం, 'సమస్య సంపూర్ణంగా పరిష్కారమైంది.' పంపేముందు గర్వంగా అక్కకు చదివి వినిపించాను. ఆమె ముసిముసిగా నవ్వింది. "మంచిగ రాసినవు తమ్మీ. లోపటికి వచ్చుడైతే అయింది. ఇగ బాత్రూంకు పోవుడెట్లనో అది గూడ రాయి." భవనం వెనక వాయవ్యంలో, నాలుగు మెట్ల మీద ఉండేవి బాత్రూములు. అదే ఆఫీసులో ఆమె ఎదురుగా అన్నాళ్ళు కూర్చుని, సంఘం కార్యదర్శిగా కళ్ళకు గంతలు కట్టించి, కాళ్ళూ చేతులూ ఊపించి, ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టని ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు, నవ్వొస్తుంది. ఎంత ధీమాగా రాశాడు, సంపూర్ణంగా అని! తర్వాత మళ్ళీ పత్రికలో చేరి డెస్కులో పనిచేసిన ఏళ్ళలో ఆ మాట ఎవరి వార్తలో కనిపించినా కొట్టేశాను.

ఈమధ్య పనిమీద సత్తుపల్లి వెళ్ళినప్పుడు ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చాను. లెక్కల అక్క ఇప్పుడు సెక్షన్ పెద్ద. టీ తెప్పించి నాకు మాత్రమే ఇచ్చింది. నేలమట్టంగా బాత్రూం కట్టాలని సంఘం ఏటా అడుగుతోంది. ర్యాంపు పక్కన కడదామంటే అది ఈశాన్య మూల అవుతుంది, పనికిరాదని సిద్ధాంతి గారంటున్నారు. వాయవ్యంలో చోటు లేదని మేస్త్రి అంటున్నాడు. పొద్దున్న స్కూటీ ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా అక్క ఇప్పటికీ మంచినీళ్ళు ముట్టదు.