కాంటాక్టర్ ముందు చిన్నాయన

మొన్న మా మేనల్లుడు ఓర్వకల్లు దగ్గర కొత్తగా పెట్టుకుంటున్న ఫ్యాక్టరీ చూడటానికి రమ్మంటే వెళ్ళాను. అంతా తిప్పి చూపించాక, కంట్రోల్ ప్యానెల్‌కు ఎంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలో కాస్త చూడమని కాగితం చేతికిచ్చాడు. చూసి చెప్పాను. నీ అనుభవమే అనుభవం మామా అని వాడు మెచ్చుకుంటుంటే నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆ లెక్క నేను మొదటిసారి వేసింది మా మామ పాలిషింగ్ ఫ్యాక్టరీలో, దానివల్ల ఒక పెద్దమనిషి కూర్చునే చోటు పోయింది.

బేతంచెర్లలో మా మేనమామకు నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉండేది. డిప్లొమా పూర్తి కాగానే కరెంటు పనులు చూసుకోవడానికి నేను అక్కడే చేరాను. రాతిపొడి కలిసిన తెల్లటి నీళ్ళలో కాళ్ళు నానుతూ, కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకుంటూ, పూటకు నాలుగైదు సార్లు పోయి వచ్చే కరెంటు కోసం ఎదురుచూస్తూ పని చేసిన నా ఈడువాళ్ళకు ఆ ఫ్యాక్టరీలు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు. మా ప్యానెల్ బోర్డు ముందు ఎత్తు స్టూలు మీద చిన్నాయన కూర్చునేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాన్న ఊరివాడు కాబట్టి ఆ వరస. గనిలో బండ పడి పాదం నలిగిపోవడంతో బరువు పనులు చేయలేకపోయేవాడు.

ఆయన పని ఇదీ. కరెంటు వచ్చి బటన్ నొక్కితే, మోటారుకు కరెంటు అందించే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు పూర్తిగా అతుక్కోక గడగడా కొట్టుకునేది. చిన్నాయన ఎండిన వేపకర్రతో దాన్ని లోపలికి నెట్టేవాడు. ఒకసారి అతుక్కుంటే మళ్ళీ కరెంటు పోయేదాకా అలాగే ఉండేది. కరెంటు రాగానే పనివాళ్ళందరూ ఆయన వైపే చూసేవాళ్ళు, ఆయన తువ్వాలు సర్దుకుని నిదానంగా కర్ర అందుకునేవాడు, ఆ కాసేపు మామ కూడా ఆయన కోసం ఆగవలసిందే.

నాకు తప్పు ఎక్కడుందో చేరిన వారానికే తెలిసిపోయింది. కాంటాక్టర్‌ను అయస్కాంతంలా లాగి పట్టే కాయిల్‌కు, పట్టి ఉంచడానికి కొద్దిపాటి కరెంటు చాలు, కానీ లాక్కునే క్షణంలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఆ కాయిల్‌కు కరెంటిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరో పట్టి ఉంచే లెక్కతోనే తెచ్చి పెట్టారు. చిన్నాయన వేళ్ళ పక్కన నిప్పురవ్వలు ఎగరడం చూసి భయం వేసిన మాట నిజమే. తప్పు పట్టుకున్నానన్న గర్వం అంతకంటే ఎక్కువగా ఉన్న మాట కూడా నిజమే.

మామ వేంపల్లెలో ఉన్న కూతురి దగ్గరికి పోయిన సమయం చూసి, సెలవు రోజున కర్నూలు నుంచి తగిన ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి బిగించేశాను. మర్నాడు బటన్ నొక్కగానే కాంటాక్టర్ ఠపీమని అతుక్కుంది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. కర్ర సగం ఎత్తిన చిన్నాయన అలాగే ఆగిపోయి, తర్వాత తానూ నవ్వాడు. బాగా చేసినావప్పా అన్నాడు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళినవాడు మరి రాలేదు.

తిరిగొచ్చిన మామ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "అది సిన్నదని నాకు తెలీదనుకుంటివా అప్పా? ఊరికే ఇస్తే ముట్టే మనిషి కాదు ఆయప్ప. అందుకే అట్లే ఉండనిచ్చినా" అన్నాడు. పాతది మళ్ళీ పెడతానన్నాను. "ఇంగ యాడ కూసుంటాడు? కండ్లారా సూసె కదా" అని మామ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి కాపలా పని చేయమని అడిగాడు. గేటుకు తాళం ఉండగా కాపలా దేనికని చిన్నాయన చేతులు జోడించి పంపేశాడట.

కొన్ని నెలల తర్వాత రైల్వే స్టేషన్ బయట గంపలో వేరుశనక్కాయలు పెట్టుకుని కనిపించాడు. తప్పించుకుపోదామనుకున్నాను, కానీ ఆయనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పక్కనున్నాయనతో "మా పిల్లోడే. ఈయప్ప పెట్టిన డబ్బాతో మిషన్లు శానా బాగా పోతాండాయి" అని గొప్పగా చెప్పాడు. ఆ మాటలో ఎక్కడైనా కాస్త కోపం దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చినా అడగకుండానే, దోసిట్లో ఆయన పోసిన కాయలు పట్టుకుని రైలెక్కేశాను.

మామ చేసింది ప్రమాదమని ఇప్పటికీ అంటాను, ఇప్పుడడిగినా ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మరే పెట్టమంటాను. ఇప్పటి ఫ్యాక్టరీల్లో కరెంటు పోయి వస్తే కర్ర పట్టుకునే అవసరమే లేదు, అది మంచిదే. ఒక మనిషిని కూర్చోబెట్టుకోవడానికి ఏదో ఒక పని మిగిల్చే యజమానులు మాత్రం నాకెక్కడా కనిపించడం లేదు. మామ వచ్చేదాకా రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే, ఇద్దరం కలిసి చిన్నాయనకు ఇంకో పని ఆలోచించి, ఆ తర్వాతే బిగించేవాళ్ళం. నేను ఆగలేదు.