దూడల గడ్డి

ఆవులు వట్టిపోతే నా పాపకు ఏం తాగించాలి? ఆగస్టు నెలంతా నాకు అదే భయం. పాపకు పదహారు నెలలు. ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, నోట్లో పెడితే ఉమ్మేస్తుంది, పాలు తప్ప ఏదీ ముట్టదు. రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డలో కట్టి స్ప్రింగు త్రాసుకు తగిలించి తూచేదాన్ని. బరువు కాస్త తగ్గినట్టు కనిపిస్తే ఆ పూట నాకు తిండి సహించేది కాదు.

"సంతకు తోలుతున్నావా ఏమే దాన్ని?" అనేది నూన్‌కిపా, పాల బుర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి. "మేకపిల్లనైనా రోజూ తూచరు కోడలా."

నూన్‌కిపా మా మామగారి అన్న భార్య, నాకు పెద్దత్త. భర్త పోయి చాలా కాలమైంది. అరవై దాటి ఉంటాయి. ఏ ఏడు పుట్టిందో తెలియదు, ఏ కరువులో పుట్టిందో చెప్పగలదు. మా మాసాయి తెగ ఊళ్లన్నీ భూములు కలిపి సంఘంగా ఏర్పడి, వన్యమృగాలు తిరగడానికి వదిలి, సఫారీ శిబిరానికి కౌలుకిచ్చినప్పుడు ఆడవాళ్లలో మొదట వేలిముద్ర వేసింది ఆమే. ఆ కౌలుతోనే బడికి పైకప్పు వచ్చింది. సింహాలూ తిరిగి వచ్చాయి.

ఒకసారి సింహం ఆమె తెల్లమొహం పడ్డను చంపింది. మళ్లీ తినడానికొచ్చే సింహం చావాలని కుర్రాళ్లు కళేబరానికి పురుగుల మందు పూయడానికి వచ్చారు. ఆమె తన ఎర్ర దుప్పటి తీసి కళేబరం మీద కప్పి, పక్కనే సాయంత్రం దాకా కూర్చుంది. "సింహం ఒక్కదాన్నే తింది. మీ మందు రాబందుల్ని తింటుంది, కుక్కల్ని తింటుంది, రేపు మిమ్మల్నీ తింటుంది. పోండి" అంది.

అలాంటి మనిషిని ఈ ఆగస్టులో శిబిరం కాపలావాడు, "నీ దూడల వల్ల అడవి పాడవుతోంది" అని ఆమె దొడ్డి వెనక వాలు మీంచి తరిమాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాటకు మూలం నేనే.

ప్రతి దొడ్డి పక్కనా కొంత గడ్డినేల దూడలకని ఆపుతాం. వానల్లో అందులో ఎవరూ కాలు పెట్టరు. మా వైపు ఆగస్టుకు ఎండలు ముదిరాక, దూరం నడవలేని దూడలు అక్కడ మేస్తాయి. మా పిల్లలకు నడకతోపాటు తెలిసే సంగతి ఇది. నేను ఆరేళ్లకే హాస్టలు బడికి పోయాను, తర్వాత జంతుశాస్త్రం చదివాను. ఏప్రిల్ వానల్లో, ఇప్పుడు నేను పనిచేసే మా భూముల సంఘానికి పటం గీస్తూ ఆ వాలు మీద నడిచాను. మోకాలెత్తు గడ్డి, ఒక్క డెక్క గుర్తు లేదు. 'ఖాళీ. వాడకంలో లేదు' అని రాశాను.

శిబిరం మేనేజరుకు కావలసింది ఆ ముక్కే. ఫొటోల్లో ఆవులు పడుతున్నాయని అతిథులు సణుగుతున్నారట. ఆ వాలు చుట్టూ తెల్లసున్నం కొట్టిన రాళ్లు పాతించి, పశువులు రాకూడదన్నాడు. దూడ పక్కన లేనిదే మా ఆవు చేపదు. దూడకు గడ్డి లేకపోతే పాలు లేవు. రెండు వారాలకు పెద్దత్త దూడలు రెండు లేవలేక పడుకున్నాయి. పాల బుర్ర సగమే నిండేది. ఆ సగం నా పాపకే వచ్చేది.

సంఘం సమావేశం పశువులకు మందునీళ్లు కొట్టే తొట్టి దగ్గర పెట్టారు. నూన్‌కిపా లేచి నిలబడగానే సంఘం పెద్ద కోయికై కొంత గడ్డి పీకి ఆమెకు అందించాడు. మాలో గడ్డి పట్టుకుని మాట్లాడితే శాంతి అని అర్థం. పట్టుకున్నవాళ్లు కోప్పడకూడదు, ఎదుటివాళ్లు చెయ్యెత్తకూడదు.

ఆమె ఆ గడ్డిని చూసి కింద పడేసింది.

"ఇది పట్టుకుంటే నేను కోప్పడకూడదు పెద్దాయనా. నా కోపం ఇంకా మొదలే కాలేదు."

మేనేజరు నవ్వబోయాడు. "అతిథులు అడవి చూడ్డానికొస్తారమ్మా, ఆవుల్ని కాదు."

"అడవి ఎక్కడికొస్తోందో నువ్వు చూశావా? మా ఆవుల్ని రానివ్వని చోట గడ్డి నడుమెత్తు పెరిగి పుల్లలైపోయింది. జింక దాంట్లోకి పోదు, సింహం నక్కి ఉంటుందని దానికి తెలుసు. నీ బండ్లు రోజూ ఆగేది నా పాత దొడ్డి చోట. ఎందుకు? పేడ పడిన నేల, మేసిన పొట్టిగడ్డి. జింకలు అక్కడికే వస్తాయి. నా ఆవుల వెనకాల అడవి నడుస్తోంది, నీ రాళ్ల వెనకాల కాదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గర ఆ జింకల లెక్కలు మూడేళ్లవి ఉన్నాయి. వాటికీ ఆ వాలు మీద దూడల మేతకూ సంబంధం ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఖాళీ అని మీ పటంలోనే ఉంది కదా" అన్నాడు మేనేజరు.

"ఎవడు రాశాడు?"

నేను పాపను చంకనెత్తుకుని లేచాను. "నేనే పెద్దత్తా. తప్పు రాశాను. ఆ గీత చెరిపేస్తున్నానని అందరి ముందూ చెబుతున్నా."

ఆమె నా చంకలోని పాపను వేలితో చూపించింది. "దీని నోట్లో పడే పాలు ఏ గడ్డివనుకున్నావే? హాస్టలు గడ్డివా?"

ఆవుల్లేని అడవి అంటూ అతిథులకు కొత్త కరపత్రాలు అచ్చయిపోయాయని మేనేజరు ఏదో అన్నాడు. "అయితే వాటిని నీ అతిథులకు మేపు. ఏడాది చివర కౌలు కాగితం మీద నా వేలిముద్ర కావాలని మళ్లీ వస్తావుగా. ఈ వేలు ఉండదు" అందామె. వెనక కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, తలా ఒక గడ్డిపరక పీకి, ఆమె పడేసిన గడ్డి మీద పడేశారు. కోయికై ఆ కుప్పను చూసి, రాళ్లు ఈ రోజే తీసేయమన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆడవాళ్లమే రాళ్లు పీకేశాం. తర్వాత నూన్‌కిపా కాస్త గడ్డి తుంచి మేనేజరు చేతిలో పెట్టింది. అతను దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

పడుకున్న రెండు దూడలూ మాత్రం లేవలేదు. దాన్ని నాకెవరూ చెరిపి పెట్టరు.

మర్నాడు పాలు పితికేచోట ఆమె పక్కన కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. పొదుగు మీంచి చెయ్యి తీయకుండానే ఒక మాట చెప్పింది. అప్పటి నుంచి నా పుస్తకంలో ఏ నేల గురించైనా రాసే ముందు దగ్గర్లోని దొడ్డికి వెళ్లి గుమ్మంలో నిలబడి అడుగుతున్నాను. పని ఆలస్యమవుతోందని సంఘంలో విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

"ఖాళీ అని రాసే ముందు, ఎవరి కోసం ఆపారో అడుగు. చెప్పే మనిషి దొరక్కపోతే రాయకు" అంది పెద్దత్త.