ముప్పై నాలుగు మెట్ల పరీక్ష

మా పెద్దమ్మ దేన్నయినా చూసి ఊరుకోలేదు. ఎత్తి చూడాలి. ఎత్తాక దాని బరువు చెప్పాలి. దగ్గర్లో కాటా ఉంటే దాని మీద పెట్టి, తను చెప్పింది నిజమేనని అందరిచేతా అనిపించాలి. కుర్చీ, గ్యాస్ సిలిండరు, పక్కింటి కుక్క, దేన్నీ వదల్లేదు. ప్రాణమున్నదీ లేనిదీ అన్న తేడా ఆవిడకి లేదు.

ఒకసారి కింద వాటాలో వాళ్ల పసివాణ్ణి చూడ్డానికి వెళ్లాం. వచ్చినవాళ్లంతా ముక్కు తండ్రిది, కళ్లు తల్లివి అని పంపకాలు చేస్తున్నారు. పెద్దమ్మ వాణ్ణి రెండు చేతుల్లోకి తీసుకుని, ఒకసారి పైకీ కిందికీ ఆడించి, "ఏడున్నర" అంది.

తల్లి మొహం ముడుచుకుంది. మర్నాడు డాక్టరు దగ్గర తూయిస్తే ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు వచ్చిందట. ఆ సంగతి చెప్పడానికే పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"పాలు పట్టకముందు తూయించారా?" అంది పెద్దమ్మ.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి దిగి వెళ్లిపోయింది.

పెద్దమ్మది పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటరు. పాతికేళ్లుగా చేత్తో పట్టుకుని బరువు చెప్పడం ఆవిడకి వచ్చిన విద్యే. ఒకసారి తన అంచనాకీ కాటాకీ పది గ్రాములు తేడా వస్తే, కాటాని రిపేరుకి పంపించమని పట్టుబట్టింది. మెకానిక్ వచ్చి చూసి, తప్పు కాటాదేనన్నాడు. ఆ రోజు నుంచి పోస్టుమాస్టరు ఆవిడతో ఏ విషయంలోనూ వాదించలేదు. అయితే ఆ విద్య కౌంటరు దాటి వీధిన పడింది మాత్రం యాభై ఒకటో ఏట, ఆవిడ జిమ్ములో చేరాక.

ఉద్యోగం పేరుతో నేను వాళ్లింట్లో ఉన్న మూడేళ్లలోనే ఇదంతా జరిగింది. జిమ్ముకి మొదటిరోజు తోడుకి నన్నూ లాక్కెళ్లింది. సైకిళ్ల షాపు పైన పెద్ద హాలు. పెదనాన్న పాత చొక్కా వేసుకుని, చేతులు మడిచి, గొడవకి వచ్చినదానిలా నిలబడింది పెద్దమ్మ. కోచ్ పాతికేళ్ల అమ్మాయి.

"ఇది ఎత్తండి ఆంటీ."

"ఇదేమిటి, ఉత్త రాడ్డు!"

"మొదట ఉత్తదే ఎత్తాలి. పదిహేను కిలోలు."

పెద్దమ్మ రాడ్డుని కాస్త లేపి దింపింది. "పద్నాలుగూ ఎనిమిది వందలు. ఎవరో మోసం చేశారు నిన్ను."

మొదటి వారం ఆవిడ కూర్చుంటే లేవలేకపోయింది, లేస్తే కూర్చోలేకపోయింది. అన్నం నిలబడే తినేది. నొప్పులా అని అడిగితే, "నొప్పి కాదు, కండ పుడుతోంది" అనేది. కండ ఎక్కడ పుడుతోందో మాకు కనపడలేదు గాని, పురిటి మూలుగులు మాత్రం వీధిలోకి వినిపించేవి.

"ఈ వయసులో నీకు కండలెందుకే?" అన్నాడు పెదనాన్న.

"మీకెలాగూ లేవు. ఇంట్లో ఒకరికైనా ఉండాలి కదండీ."

ఆ మాటన్న నాలుగు నెలలకి ఆయన్నే ఎత్తింది. ఆయన నిలబడి పేపరు చదువుకుంటుంటే వెనకనుంచి వచ్చి, నడుం పట్టుకుని, జానెడు పైకి లేపింది.

"అరవై ఎనిమిదిన్నర. నిన్నటికంటే అరకిలో ఎక్కువ. బయటేం తిన్నారు?"

పెదనాన్న పేపరు వెనకాల నుంచి, "రెండు పఫ్‌లు" అని ఒప్పేసుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో మరే పద్ధతికీ ఆయన అంత తొందరగా నిజం చెప్పలేదు.

తరువాత బియ్యం బస్తా వంతు వచ్చింది. పాతిక కిలోల బస్తా వీపుకి కట్టుకుని, పొద్దున్నే మా మెట్లన్నీ దిగేది, మళ్లీ ఎక్కేది. పది రోజులు చూసి కింద వాటా ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏమండీ, ఆ బియ్యం మీరుంచుకుంటారా, ఎవరికైనా ఇచ్చేస్తారా? ఏదో ఒకటి తేల్చుకోండి. చూడలేకపోతున్నాం."

ఇన్నిటినీ ఎత్తిన పెద్దమ్మ మా ఇంట్లో చెయ్యి వేయనిది ఒక్క మా నానమ్మ మీదే. పెద్దమ్మకి అత్తగారు. ముప్పై ఆరేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. పెద్దమ్మ జిమ్ములో చేరడానికి కొన్ని నెలల ముందు నానమ్మకి తుంటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది గాని, మెట్లు దిగలేదు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్పై నాలుగు మెట్లు. లెక్క నానమ్మదే.

దానికి తోడు రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేయిస్తే చూపు వస్తుందని, ఆలస్యం చేసేకొద్దీ కష్టమని ఇంటికొచ్చి చూసిన డాక్టరు చెప్పాడు. పేపర్లో లెక్కల పజిలు చేయందే కాఫీ తాగని మనిషి, ఆ పేపరు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు తలకిందులుగా పట్టుకుని ఉంది. నేను చూడనట్టు వెళ్లిపోయాను.

"కుర్చీలో కూర్చోబెట్టి, మనుషుల్ని పెట్టి దింపిస్తానమ్మా" అన్నాడు పెదనాన్న.

"మనుషులు నన్ను మోసేది ఒక్కసారేరా. ఆ రోజు నలుగురొస్తారు, నేను అడ్డు చెప్పను. అందాకా నన్నెవరూ ముట్టుకోవద్దు."

పెదనాన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెద్దమ్మ అసలు ఆ సంభాషణే విననట్టు పక్కగదిలో ఇస్త్రీపెట్టె బరువు చూస్తోంది.

జిమ్ములో చేరిన పద్నాలుగో నెలలో, ఒక ఆదివారం, పెద్దమ్మ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"ఏమైందే?" అంది నానమ్మ.

"పరీక్ష తప్పేలా ఉన్నానత్తయ్యా."

పరీక్ష అనగానే నానమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఏం పరీక్ష?"

"బరువు వీపున వేసుకుని మెట్లు దిగాలట. ఇనుమూ బియ్యమూ పనికిరావట, మనిషయితేనే లెక్క. నలభై రెండు కిలోలుండాలి. ఈయన చూస్తే అరవై తొమ్మిది. ఇదేమో యాభై ఆరు." ఇది అంటే నేను.

నానమ్మ కాసేపు లెక్క వేసుకుంది.

"నేనెంతుంటానే?"

పెద్దమ్మ అత్తగారిని మొదటిసారి చూస్తున్నట్టు ఎగాదిగా చూసింది. "నలభై ఒకటి... నలభై రెండు ఉండొచ్చు."

"ఎత్తకుండానే చెప్పేస్తున్నావు!"

"పాతికేళ్లుగా కౌంటర్లో ఉన్నాను. కొన్ని చూస్తేనే తెలుస్తాయి."

"నేనేమన్నా పార్శిల్నా?"

"పార్శిలయితే ఇన్ని ప్రశ్నలు వేయదులెండి."

నానమ్మ గొంతు సవరించుకుంది. "నా దగ్గర చదివిన ఏ పిల్లా సామాను లేక పరీక్ష తప్పలేదు. ఎప్పుడది?"

"గురువారం పొద్దున తొమ్మిదింటికి. మన మెట్ల మీదే."

"దిగాక నన్నేం చేస్తావు?"

"మళ్లీ ఎక్కించడానికి నాకు కాస్త ఊపిరి కావాలి కదా. అందాకా ఊరికే కింద కూర్చోవడమెందుకు? కంటాసుపత్రి పది నిమిషాల దూరమేగా."

నానమ్మ పెద్దమ్మ గొంతు వచ్చిన వైపు చాలాసేపు చూసింది. ఆ కళ్లకి ఏం కనిపించిందో గాని, "సరే" అంది.

గురువారం పెద్దమ్మ గుమ్మంలో వంగి కూర్చుంది. "రండత్తయ్యా, ఉప్పుమూట."

పెదనాన్న ముందు నడిచాడు, వెనక్కి అడుగులేస్తూ, రెండు చేతులూ చాపుకుని. ఎవరు పడితే ఎవరిని పట్టుకుంటాడో ఆయనకే తెలియదు. వెనకాల నేను చేతికర్ర పట్టుకుని వస్తున్నాను. నానమ్మ కోడలి వీపు మీంచి లెక్కపెడుతోంది.

"పదిహేను. నడుం నిటారుగా పెట్టు. పదహారు. పదిహేడు. ఆగావేం?"

"ఊపిరత్తయ్యా."

"బరువుగా ఉన్నానా?"

"ఇనుమే నయం. మధ్యలో పాఠం చెప్పదు."

నానమ్మ ముందుకి వంగింది. నెమ్మదిగా, కోడలి చెవి దగ్గర అంది. "నలుగురు మోయాల్సినదాన్ని నువ్వొక్కదానివే మోస్తున్నావే."

"వాళ్లు ప్రాక్టీసు చేసి రారు కదత్తయ్యా" అని, పెద్దమ్మ పద్దెనిమిదో మెట్టు మీద కాలు పెట్టింది.

కింద వాటా ఆవిడ పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ బియ్యం కాదా?" అంది.

నెల తిరిగేసరికి రెండు కళ్లకీ ఆపరేషన్లు అయిపోయాయి. నేను స్వీట్ల డబ్బా పట్టుకుని జిమ్ముకి వెళ్లాను. మీ పరీక్ష మా ఇంటికి బాగా కలిసొచ్చిందని కోచ్‌కి చెప్పాను.

"ఏ పరీక్షండీ?" అంది ఆ అమ్మాయి. "ఇక్కడ పరీక్షలేం ఉండవే!"

నేను మెట్ల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి డబ్బా మూత తీయబోతూ ఆగింది.

"చేరిన రోజు మీరు కిందికి దిగాక ఆంటీ ఒక్కటే అడిగారు. నలభై రెండు కిలోల మనిషిని ముప్పై నాలుగు మెట్లు పడకుండా దించాలంటే ఎన్నాళ్లు పడుతుందని. ఏడాది పైనే అన్నాను. మరి ఎక్కించడానికో, అన్నారు."

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. కుర్చీలు, సిలిండర్లు, కుక్క, పసివాడు, పెదనాన్న. ఎత్తడం ఆవిడ పిచ్చి అని వీధి మొత్తం నమ్మింది. పిచ్చిదాని సరదాకి సాయం చేస్తే పెద్దమనిషికి చిన్నతనం ఏముంది?

నేను వెళ్లేసరికి నానమ్మ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, తెల్లకాగితం మీద ఏదో రాస్తోంది. రాసి, మడిచి, కోడలి చేతికిచ్చింది.

పెద్దమ్మ విప్పి చూసింది. "నూటికి ముప్పై నాలుగా!"

"మెట్టుకో మార్కు. ముప్పై అయిదొస్తేనే పాసు. ఆదివారం మళ్లీ రాయి."

"ఒక్క మార్కత్తయ్యా!"

"ఒక్క మార్కయినా మార్కే."

మా మెట్లు ముప్పై నాలుగే. ముప్పై అయిదోది కట్టించే ఉద్దేశం ఇంటిగలవాళ్లకి లేదు. అందుకని ప్రతి ఆదివారం పెద్దమ్మ పరీక్ష రాస్తుంది, ఒక్క మార్కుతో తప్పుతుంది. తప్పాక అత్తాకోడళ్లిద్దరూ పార్కు దాకా వెళ్లి, బెంచీ మీద కూర్చుని పజిలు చేసుకుని వస్తారు. ఒకే పిల్ల ఇన్నిసార్లు తప్పడం నానమ్మ సర్వీసులోనే లేదట.

మొన్న ఆదివారం ఏడో మెట్టు దగ్గర పెద్దమ్మ ఆగింది.

"నలభై మూడున్నర! బయటేం తిన్నారత్తయ్యా?"

"పరీక్ష హాల్లో మాట్లాడకూడదు" అంది నానమ్మ. "ఎనిమిది."