రివర్స్ పడకుండా రాగి తీగ

పాత డ్రాగ్ రేసు కార్ల బొమ్మలు చేసేవాళ్లు టైర్లకు, పొగగొట్టాలకు ప్రాణం పెడతారు. గేర్ లివర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ పుల్లను అతికించి చేతులు దులుపుకుంటారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లివర్ తప్పుంటే అది బండే కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతూ, లివర్ మీద చెయ్యి పెట్టుకునే బతుకుతున్నవాణ్ని. ఆ పట్టింపు నాకు కాకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ఆ కార్లు తిన్నని రోడ్డు మీద కొన్ని సెకన్లే పరుగెత్తేవి. ఆ తొందరలో డ్రైవర్ లివర్‌ను విసురుగా తోస్తే అది ఒక గాడి దాటి రివర్స్‌లో పడొచ్చు. పడిందా, గేర్‌బాక్స్ కాళ్ల కిందే ముక్కలవుతుంది. అందుకని లివర్ పక్కన చిన్న అడ్డు బిగించేవారు. దాన్ని వేలితో ఎత్తితే తప్ప లివర్ రివర్స్‌లోకి పోదు. పాత ఫోటోలు పెద్దవి చేసి చూసి ఈ సంగతి పట్టుకున్నాను. నా బొమ్మ మొత్తం జానెడు. అందులో ఆ అడ్డు నువ్వుగింజలో సగం.

మొన్న వానాకాలం, సెలవు రోజు పొద్దున, నస్పూర్‌లో మా కంపెనీ క్వార్టర్ వరండాలో కూర్చున్నాను. పాడైన ఇయర్‌ఫోన్ వైరులోంచి సన్నని రాగి తీగ లాగి, దాంతో ఆ అడ్డు చేసి అతికించబోయాను. కుదరలేదు. పట్టకారులాంటి చిన్న చిమ్టా కొనకు పట్టిన తీగ లివర్ దగ్గరికి పోగానే పక్కకు జరుగుతోంది. గమ్మును తిట్టాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఫ్యాన్ ఎందుకు వేశావని మా ఆవిడ మీద లేచాను. ఆమె ఫ్యాన్ కట్టేసి, ఆ బొమ్మల మీదున్న ప్రేమ జర ఇంటి మీద కూడా ఉంటే బాగుండేదని గొణుక్కుంటూ లోపలికి పోయింది. ఫ్యాన్ ఆగినా తీగ ఆగలేదు.

చిమ్టా పక్కన పెట్టి కుడిచేతిని ఊరికే బల్ల మీద ఆనించాను. చెయ్యి కదలడం లేదు. బొటనవేలు ఒక్కటే తనంతట తాను చూపుడువేలి మీద ఆడుతోంది, బీడీ చుడుతున్నట్టు.

మా బాపుకు అట్లాగే మొదలైంది. భూగర్భ గనిలో బొగ్గు ఎత్తిన మనిషి, చివరి ఏళ్లలో గ్లాసెడు నీళ్లు నోటిదాకా తెచ్చుకోలేకపోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, తాగించేది. ఆయన సిగ్గుతో కళ్లు మూసుకుని తాగేవాడు.

ఆ వెంటనే గుర్తొచ్చిన సంగతి ఇంకా భయపెట్టింది. అంతకు వారం ముందు, మట్టి పోసే యార్డులో డంపర్‌ను వెనక్కి పోనిస్తున్నాను. పక్కన నిలబడి దారి చూపే సిగ్నల్‌మన్ ఆగమని విజిల్ వేశాడు. ఆపి, డంపర్‌లో కుడిచేతి పక్కనుండే లివర్‌ను న్యూట్రల్‌లో వేశాననుకున్నాను. బ్రేక్ మీంచి కాలు తీయగానే బండి గజమంత వెనక్కి పోయింది. వెనక చక్రం పక్కనే ఉన్న అతను దూరంగా దుమికాడు. తర్వాత క్యాబిన్ దగ్గరికి వచ్చి, ఏందన్నా, నిద్ర పట్టిందా అని నవ్వాడు. అవును తమ్మీ, కునుకు పట్టిందన్నాను. నేనూ అదే నమ్మాను.

ఎవరికీ చెప్పలేదు. మా కాలనీలో డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే స్వీట్లు పంచుతారు. తండ్రి అన్‌ఫిట్ అయితే బిడ్డకో కొడుక్కో ఉద్యోగం వస్తుందని ఆశ. లేని దగ్గు తెచ్చుకునేవాళ్లూ, అన్నీ వినబడుతూనే చెవిటివాళ్లయ్యేవాళ్లూ ఉంటారు. మా బిడ్డ డిగ్రీ చేసి ఇంట్లోనే ఉంది. అయినా నేను ఉన్న రోగం దాచాను. డాక్టర్ కాగితం మీద రాస్తే అది బాపు రోగం అయిపోతుందని భయం. రాయకపోతే వట్టి వేలే కదా అనుకున్నాను. ఎంత పిచ్చో చూడండి.

మూడు వారాలు అట్లా నడిచింది. చాయ్ ఎడమచేత్తో తాగాను. గుండీలు బాత్రూంలో తలుపేసుకుని పెట్టుకున్నాను. క్యాంటీన్‌లో ఎవరు చేతుల మాట ఎత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ని. డ్యూటీలో గేరు మార్చేటప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టేవాణ్ని. రివర్స్ వేసిన ప్రతిసారీ అద్దంలో సిగ్నల్‌మన్ కనబడేవాడు. ఇంట్లో కుక్కర్ కూత వేసినా విజిల్ అనుకుని ఉలిక్కిపడేవాణ్ని. బొమ్మ కారుకు అడ్డు కోసం అన్ని తంటాలు పడ్డ మొనగాణ్ని, నా చేతికీ ఆ మనిషికీ మధ్య ఏ అడ్డూ లేకుండా రోజూ బండి వెనక్కి పోనిచ్చాను.

ఒకరోజు వానకు యార్డంతా బురదైంది. చక్రాలు ఎక్కడ దిగబడతాయో చూసి చెప్పడానికి సిగ్నల్‌మన్ పక్కన కాకుండా నేరుగా వెనకకే వచ్చి నిలబడ్డాడు. రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. నా మీద ఎంత నమ్మకమో. లివర్ మీద నా వేలు ఆడుతూనే ఉంది.

పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజన్ బంద్ చేసి, నిచ్చెన పట్టుకుని దిగాను. అతను బురదలో గబగబా నడిచొచ్చి ఏమైందని అడిగాడు.

"చెయ్యి వణుకుతుంది తమ్మీ," అన్నాను. "గా దినం గూడ నిద్ర గాదు."

అతను నా చేతి దిక్కు చూశాడు.

"ఎన్ని దినాల సంది అన్నా?"

"నాకు ఎరుకై మూడు వారాలైతుంది."

అతను తిట్టినా బాగుండేది. మెల్లగా తిరిగి, డంపర్ వెనక బురదలో ఇంతసేపు తాను నిలబడ్డ చోటును చూస్తూ ఉండిపోయాడు.