పిన్నిగారి పనసచెట్టు, మా సినిమా చర్చ

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి గొడవకీ ఒక మంచి సినిమాయే మందని నాకు గట్టి నమ్మకం. (ఉద్యోగం కొత్త, పెళ్లి కాలేదు; నమ్మకాలకు లోటేముంటుంది?) అమలాపురంలో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరి, రిటైరైన మేష్టారొకరి మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన భార్యను నేను పిన్నిగారనేవాణ్ణి. ఆవిడ పుట్టింటి నుంచి మొక్కగా తెచ్చి పెంచుకున్న పనసచెట్టును మేష్టారు చెప్పాపెట్టకుండా కొట్టించేశారట. అప్పటికి ఏడాదిగా ఆయనతో ఆవిడకు మాటల్లేవు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది నేనే. "ఆ మనిషిని అన్నానికి రమ్మను" అని ఆవిడంటే, "పిన్నిగారు మీకోసం చూస్తున్నారండీ" అని ఆయనకు చెప్పేవాణ్ణి. ఒకసారి చొరవ ఎక్కువై, మేష్టారు తప్పయిపోయిందన్నారని ఆవిడకూ, ఆవిడ పోనీలెమ్మన్నారని ఆయనకూ చెప్పేశాను. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు. ఆ వారం పనసపొట్టు కూరైతే చేశారు గాని (పొట్టు బజారుదే), మాటలు కలవలేదు.

ఇక సినిమాయే దిక్కనుకుని, ఒక ఆదివారం సాయంత్రం కాలేజీ హాల్లో పాత నలుపు తెలుపు చిత్రం వేయించాను. అందులో భార్య వీణను భర్త అడక్కుండా అమ్మేస్తాడు, కాపురం అక్కణ్ణుంచి బీటలు వారుతుంది. ఇద్దర్నీ బతిమాలి తీసుకెళితే చెరో చివర కూర్చున్నారు. ఆట అయ్యాక చర్చ. దాంపత్యంలో మౌనం గురించి నేను నాలుగు బరువైన ముక్కలు చెప్పి కూర్చోగానే పిన్నిగారు లేచారు.

"అమ్మేముందు ఒక్క మాట అడగొచ్చు కదండీ?"

"అడిగితే ఒప్పుకునేదా ఆవిడ?" అన్నారు మేష్టారు అటు చివర నుంచి.

"అడిగితే కదండీ తెలిసేది! పైగా తప్పయిపోయిందని ఈ అబ్బాయితో కబురొకటి. ఆ ముక్కేదో మీరే చెబితే నోరరిగిపోతుందా?"

"నేనెప్పుడు చెప్పేనే? నువ్వే పోనీలెమ్మన్నావటగా!"

"నేనా!"

హాల్లో ఉన్న పాతికమందీ నా వైపు తిరిగారు. గది ఖాళీ చెయ్యడం ఖాయమనుకున్నాను.

మేష్టారు లేచి నిలబడ్డారు. "వాడు చెప్పింది అబద్ధమేనే. కానీ నేననాల్సిన మాటే. నాకు నోరు రాలేదు" అన్నారు.

పిన్నిగారు పైటచెంగుతో కళ్లొత్తుకున్నారు. "ఆయ్, ఇప్పుడొచ్చింది కదండీ. పదండి ఇంటికి."

ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లిపోయారు. నన్ను ఎక్కమనలేదు. సిగ్గుపడుతూ, సంతోషపడుతూ నడిచి వెళ్లాను.

ఇప్పుడు నాకు పెళ్లై పదిహేనేళ్లు. ఆనాడు ఒకరి తరఫున అంత సులువుగా చెప్పేసిన "తప్పయిపోయింది" అన్న మాట, మా ఆవిడ ముందు నా నోట రావడానికి ఇప్పటికీ రెండు రోజులు పడుతుంది.