రాజవ్వ చాట ముందు నా పీహెచ్‌డీ

నా పీహెచ్‌డీ మేనేజ్‌మెంట్‌లో. 1940ల మొదట్లో మన ఇండ్లలో బీడీల పని ఎలా నడిచేదన్నది అందులో ఒక అధ్యాయం. ఆ కాలం చూసిన మనిషి ఒక్కరైనా చెప్పకపోతే దాన్ని తీసేయమన్నారు మా గైడ్. ఈ పట్టా లేనిదే కామారెడ్డి కాలేజీలో నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు కాదు. అందుకే ఈ రోజు ఎల్లారెడ్డి బస్సెక్కి మళ్లీ లింగంపేటలో దిగాను.

చిన్నప్పటి నుంచి బీడీల పనిలోనే ఉన్న, తొంభై దాటిన రాజవ్వ, ఒడిలో చాట పెట్టుకొని కోడలితో కలిసి బీడీలు చుట్టే తునికాకు కత్తిరిస్తోంది. పోయినసారిలాగే ఫోను ముందు పెట్టి ప్రశ్న అడిగాను. పోయినసారిలాగే ఆమె తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తూనే ఉంది. కోడలు నవ్వి నా చేతిలో కత్తెర పెట్టింది.

"చేతులు ఖాళీ పెట్టుకోని కూసుంటె మా అత్త మాట్లాడది. ఆకు కత్తిరించుకుంట అడుగు."

కత్తిరిస్తూ అడిగాను. "అవ్వా, నీ చిన్నప్పుడు ఇంట్ల బీడీల పని ఎవరు చూస్తుండె?"

"మా అవ్వ చూస్తుండె. ఆకు ఖరాబు చేస్తె తిట్టకపోతుండె. పొయ్యిల పడేసి, మల్ల కత్తిరించుమంటుండె."

అలా గంటసేపు చెప్పింది. నా అధ్యాయం బతికింది! లేవబోతుంటే నేను కత్తిరించిన ఆకులు చూసి, అన్నీ పొయ్యి వైపు తోసేసింది.

"ఏడికి బిడ్డా? కూసో. మల్ల కత్తిరించు."

మా గైడ్ నా అధ్యాయాలకు చేసేదీ ఇదే. కాకపోతే ఆయన తిడతారు కూడా. బస్సు పోతే పోయిందని కూర్చున్నాను. చివరికి నా ఆకు ఒక్కటి రాజవ్వ చాటలోకి చేరాకే లేచాను.

పీహెచ్‌డీ చేసినవాళ్లూ, నిజం చెప్పండి. మీ అధ్యాయాలు ఎన్నిసార్లు పొయ్యిలో పడ్డాయి?