పసుపుపచ్చా, ఆకుపచ్చా

ఉప్పునీటి అక్వేరియం కోరిక నాది, చేపలు చచ్చిపోతాయేమోనన్న భయం నా భార్యది. గాజుతొట్టిలో ఉప్పు కలిపిన నీళ్లు నింపి రాళ్లు పేర్చాం. నీళ్లలో అమ్మోనియా ఉంటే చేపలు బతకవని చదివి, చర్చి అయ్యాక ఓ ఆదివారం తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని ఇద్దరం చీరాల వెళ్లాం. రొయ్యల రైతులకు మేత, మందులు అమ్మే దుకాణంలో ఓ మూల అక్వేరియం సామాన్లు కూడా ఉంటాయి.

దుకాణదారు నీళ్లలో ముంచే కాగితపు పట్టీలు, చుక్కలు వేసి చూసే కిట్లు ముందు పెట్టారు.

"పట్టీలు తేలికేగానీ చిన్న తేడాలు పట్టవండీ. కొత్త తొట్టికి చుక్కలదే మేలు. డబ్బా మీద ఉప్పునీటికి అని ఉందో లేదో చూసుకోండి" అన్నారు.

మా నీళ్లు గాజు గొట్టంలో పోసి, చుక్కలు వేసి ఊపారు. కాసేపాగి, రంగుల కార్డుతో సహా నా చేతికిచ్చారు.

"ఏ రంగుందండీ?"

"పచ్చగా ఉంది."

"ఏ పచ్చండీ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

కార్డు మీద మొదటి గళ్లన్నీ నాకు ఒకేలా ఉన్నాయి. "పసుపే. అమ్మోనియా లేనట్టేగా?" అన్నాను.

నా భార్య గొట్టం వంకా నా వంకా చూసింది. "అదేంటండీ! లేత అరిటాకులా ఉంటే పసుపంటారు?"

నలభై దాటేదాకా నేను 'పచ్చ' అనే మాట చాటున బతికేశానన్నమాట. చిన్నప్పుడు చేలో పండు మిరపకాయలతోపాటు పచ్చివీ కోసేస్తే పరధ్యానమని అమ్మ తిట్టేది. నేనూ అదే అనుకున్నాను.

ఇంకా ఏయే రంగుల తేడా నాకు తెలియదో చూడాలనిపించింది. ఒక్కో డబ్బా విప్పించాను. అమ్మోనియాలాగే చేపలకు హాని చేసే నైట్రైట్‌ది చూస్తే, ఆ కార్డులో నీలం, ఊదా నాకు ఒకటే. క్షారత చూసే కిట్‌లో మాత్రం చుక్క చుక్కగా మందు వేస్తుంటే నీలం నీళ్లు ఉన్నట్టుండి పసుపయ్యాయి. "ఇది తెలుస్తోంది!" అని అరిచాను.

"కావాలంటే అంకె చూపించే మీటర్లున్నాయండీ" అన్నారాయన.

"వద్దులెండి, నా కళ్లున్నాయిగా" అంది నా భార్య.

చుక్కల కిట్లు మూడూ తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు మిరపకల్లం కనిపిస్తే ఆమె బండి ఆపించింది. "ఇవి మీకెలా ఉన్నాయి?"

"ఎండుటాకుల్లా."

"అయ్యో! మంటల్లా ఉన్నాయండీ" అని, చాలాసేపు నాకు ఎరుపంటే ఏమిటో చెప్పబోయి చెప్పలేక నవ్వేసింది.

రాళ్ల మీద సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియా, నైట్రైట్ తగ్గించేదాకా చేపలు వేయకూడదట. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ రెండూ ఆమె చూసేది, క్షారత నేను చూసేవాణ్ణి. అక్వేరియమంటే భయపడిన మనిషి, కాఫీ కూడా తాగకుండా గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకునేది. ఓ ఉదయం, "ఇవాళ రెండూ సున్నాయేనండీ. చేపలు తెచ్చుకుందాం పదండి" అంది. చారల చేపలు రెండు తెచ్చి వదిలాం. సాయంత్రందాకా రాయి వెనకే దాక్కున్నాయి. మేమిద్దరం నేలమీద కూర్చుని, అవి ఎప్పుడు బయటికొస్తాయా అని చూస్తూ ఉండిపోయాం.